మెట్లు దిగని బర్రెలు

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. రిటైరైన వాళ్ల ఇంటికి వెళ్తే టీ, బిస్కెట్లు, అడగని సలహాలు దొరుకుతాయని వాళ్లకు తెలుసు. టీ తాగడం అయ్యాక నేనొక ప్రశ్న వేస్తాను. బర్రె మెట్లెక్కుతుందా? కొందరు ఎక్కదంటారు. కొందరు బుర్ర గోక్కుంటారు. ఎక్కుతుంది నాయనా, శుభ్రంగా ఎక్కుతుంది. ఎక్కిన బర్రెను దించడం ఎట్లా అన్నదే అసలు ప్రశ్న. దాని గురించి నేను చదివిన పుస్తకాల్లో ఒక్క ముక్క లేదు. మీ పుస్తకాల్లోనూ ఉండదు. అందుకే చెబుతున్నాను.

నా సర్వీసులో చివరి పోస్టింగు పాతబస్తీ. మొఘల్‌పురాకు దగ్గర్లో చిన్న పశువుల దవాఖాన. పశువులని పేరే గానీ వచ్చేవన్నీ కోళ్లు, చిలకలు, పావురాలు, బక్రీదు ముందు మేకపోతులు. ఊళ్లలో ఎద్దులతో, బర్రెలతో కుస్తీ పట్టి వచ్చిన నాకు మొదట్లో అది దవాఖానలా కాక పక్షుల సంతలా కనిపించింది. మా అటెండర్ జహనుమాలో పుట్టి పెరిగినవాడు. ఆయనకు పావురాలంటే ప్రాణం. దూరం నుంచి రెక్క ఆడించే తీరు చూసి పావురానికి ఏం జబ్బో చెప్పేవాడు. బర్రెలంటే మాత్రం భయం. పశువుల దవాఖానలో ఇన్నేళ్లు పనిచేసి బర్రెకు పది అడుగుల దూరంలో నిలబడడం ఎట్లా సాధ్యమైందని అడిగితే, “మేడమ్, గుండె జబ్బుల దవాఖానల పనిచేసెటోడు గుండె ముట్టుకుంటడా?” అనేవాడు.

మనుషుల పేర్లు చెప్పను. వాళ్లంతా ఇంకా అక్కడే ఉన్నారు, పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. బర్రెల పేర్లు చెబుతాను. వాటికి అభ్యంతరం ఉండదు.

ఆ ఏడు వానాకాలం వెళ్లిపోయిందని అందరం అనుకున్నాక వాన వచ్చింది. పట్టిన వాన వదల్లేదు. పైనున్న చెరువు కట్ట తెగి, ఆ నీళ్లన్నీ ఉప్పుగూడ వైపు పల్లపు గల్లీల మీద పడ్డాయి. మా దవాఖాన మిట్ట మీద ఉంది కాబట్టి గుమ్మం దాకా వచ్చి ఆగాయి. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఉప్పుగూడ రైల్వే స్టేషన్‌కు దిగువ గల్లీలో పాడి పెట్టుకున్న ఒక పాల భాయ్ నుంచి. అంతకు ముందు ఒకటి రెండుసార్లు ఆయన బర్రెలకు టీకాలు వేశాను.

“మేడమ్, బర్రెలు బతికినయ్. షాదీఖానాల ఉన్నయ్. గని ఒకటి కడుపుబ్బి పడ్డది. జర జల్ది రావాలె.”

షాదీఖానాలో, అంటే పెళ్లిళ్లు జరిగే ఫంక్షన్ హాల్లో, బర్రెలేమిటో నాకు అర్థం కాలేదు. అటెండర్‌కు చెబితే ఆయన ఏమీ ఆశ్చర్యపోకుండా మందుల సంచి సర్దుతూ, “సీజన్ గదా మేడమ్, ముహూర్తం ఉండొచ్చు” అన్నాడు.

ట్రాక్టర్ మీద కొంత దూరం వెళ్లాం. అక్కడి నుంచి నీళ్లు నడుము పైకి ఉన్నాయి. గల్లీ కుర్రాళ్లు పడవ తెచ్చారు. పడవంటే పడవ కాదు, పెళ్లిళ్లలో బిర్యానీ వండే పెద్ద దేగ్. వంటవాళ్ల దుకాణంలోంచి తేలుతూ బయటికొచ్చిన దాన్ని పట్టుకుని, తాడు కట్టి, పసిపిల్లల్నీ ముసలివాళ్లనూ అందులో దాటిస్తున్నారు. ఇప్పుడు నా వంతు. నేను కొంచెం భారీ మనిషిని. నన్ను చూసి ఆ కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ, మర్యాదస్థులు, తాడుకు ఇంకో ముడి మాత్రం వేశారు. మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, మటన్ ఉండాల్సిన చోట నేను కూర్చున్నాను. దేగ్ మెల్లగా తిరుగుతూ కదిలింది. ఒకసారి ఉప్పుగూడ వైపు, ఒకసారి ఫలక్‌నుమా వైపు మొహం పెట్టి, చివరికి ఎట్లాగో ఫంక్షన్ హాలు మెట్ల దగ్గరికి చేరాను. అటెండర్ లారీ ట్యూబు పట్టుకుని వెనకాల ఈదుకుంటూ వచ్చాడు. తన జీవితంలో అంత నెమ్మదిగా ఏ డాక్టరూ రౌండుకు రావడం చూడలేదన్నాడు.

ఆ ఫంక్షన్ హాలు ఒక శేటుది. కింది అంతస్తులో ఆయన హోల్‌సేల్ కిరాణా గోదాం, పై అంతస్తులో పెళ్లిళ్లు. పాల భాయ్ కొట్టం సరిగ్గా ఎదురుగా. గల్లీలో పేడ ఉండకూడదని శేటు, పేడ లేకుండా పాలెట్లా వస్తాయని భాయ్, ఏళ్ల తరబడి లొల్లి పడుతూనే ఉన్నారు. నీళ్లు వచ్చిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, శేటు గేటు తెరిచి గల్లీ జనాన్ని పైకి రమ్మన్నాడు. జనం ఎక్కారు. వాళ్ల వెనకే పాల భాయ్ బర్రెలు కూడా ఎక్కాయి. ఎవరు తోలారో ఇప్పటికీ తేలలేదు. శేటును అడిగితే, “నేను మనుషుల కోసం తలుపు తీసిన. బర్రెలు ఎంబడి వచ్చినయ్. మల్ల నీళ్లలకు పొమ్మంటనా?” అన్నాడు.

పైకెక్కి చూస్తే ఆ హాలు ఒక లోకం. వేదిక వైపు మనుషులు, భోజనాల వైపు బర్రెలు. మధ్యలో ఎర్రని పెళ్లి కుర్చీలతో కట్టిన సరిహద్దు. బర్రెలు మేత లేక గోడలకున్న ప్లాస్టిక్ పూలదండల్ని రుచి చూసి వదిలేశాయి. అన్నిటికంటే పెద్దది బేగం, మంద మొత్తానికి నాయకురాలు. ఇంకొకటి రాణి, నిండు చూడిది, ఈనడానికి ఇవాళో రేపో అన్నట్టుంది. పడిపోయింది ఈ రెండూ కాదు, మూడోది. దాని పేరు సితార.

సితార ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. ఏం పెట్టారని అడిగాను. కుర్చీల సరిహద్దు పక్క నిలబడ్డ పిల్లలు నేల చూపులు చూశారు. సంగతి మెల్లగా బయటపడింది. దాతలు పంపిన పొట్లాలు హాలుకు మస్తుగా వచ్చాయి. రాత్రి పులిహోర, పొద్దున కిచిడీ, మధ్యాహ్నం మళ్లీ పులిహోర. తినలేక మిగిలింది పారేయడానికి మనసొప్పక, పాపం నోరులేని జీవమని తలా ఒక ముద్ద సితారకు పెట్టారు. సితార సౌమ్యురాలు, ఎవరినీ కాదనలేదు.

మీకు తెలిసిందే, మిగతా వాళ్ల కోసం చెబుతాను. గడ్డి తినే కడుపులో ఒక్కసారిగా అన్నం పడితే అది లోపల పులిసిపోతుంది. మనకు అజీర్తి, బర్రెకు ప్రాణగండం. గొట్టం వేసి గాలి తీశాను. తినే సోడా కావాలంటే శేటు గోదాం పై అటకల్లో తడవని పెట్టె ఒకటి దొరికింది. అది కలిపి తాగించి, నలుగురితో లేవదీయించి, హాలంతా తిప్పించాను. పెళ్లివారి తివాచీ మీద సితార ఏడడుగులకు పదింతలు నడిచింది. పొద్దు వాలే ముందు నెమరు మొదలుపెట్టింది. హాల్లో ఉన్న వాళ్లంతా పరీక్ష పాసైనట్టు ఊపిరి తీసుకున్నారు.

ఆ తర్వాత నేను రోజూ వెళ్లాల్సి వచ్చింది. అక్కడి సంసారం నడిపే తీరు చూడడం నాకు వైద్యం కంటే ఎక్కువ ఇష్టంగా ఉండేది. నడిపేది శేటు తల్లి. డెబ్భై దాటిన మనిషి, వేదిక మీద పెళ్లికూతురి సోఫాలో కూర్చుని గల్లీని పాలించేది. పాల వ్యాన్లు రావడం లేదు. బస్తీలో పసిపిల్లల తల్లులందరూ ఆ హాలు వైపే చూస్తున్నారు. పాల భాయ్ పితికిన పాలు నేరుగా ఆమె ముందుకు వెళ్లేవి. మొదట చంటిపిల్లలకు, తర్వాత జ్వరాలున్న వాళ్లకు, మిగిలితే అందరికీ చాయ్. బకెట్లకు తాడు కట్టి పక్క మేడలకు పంపేవారు. ఆ తాడు మీదే తిరిగి ఒక మేడ నుంచి అగ్గిపెట్టెలు, ఇంకో మేడ నుంచి పొడి చీరలు వచ్చేవి. మేత కోసం కుర్రాళ్లు కూరగాయల మార్కెట్ నుంచి క్యాలీఫ్లవర్ ఆకులు, మక్క పొత్తుల పొట్టు దేగ్‌లో వేసుకుని తెచ్చేవారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని కుళ్లిన ఆకు ఏరి పారేసేవారు. అంత శ్రద్ధగా తమ ఇంట్లో కూర కూడా ఏరలేదని వాళ్లే చెప్పుకుని నవ్వేవారు.

శేటు మాత్రం ఆ నవ్వుల్లో కలవలేదు. ఆయన గోదాం నిండా నీళ్లు. బియ్యం, గోధుమపిండి, పప్పులు అన్నీ మునిగిపోయాయి. గేటు తెరిచిన సాయంత్రం తర్వాత ఆయన అవసరమైతేనే మాట్లాడేవాడు. కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తూ ఉండేవాడు. పాల భాయ్ ప్రతి పూటా మొదటి గ్లాసు చాయ్ తీసుకెళ్లి ఆయన పక్కన గట్టు మీద పెట్టి వచ్చేవాడు. ఆయన తాగేవాడు కాదు. ఈయన పెట్టడం మానేవాడు కాదు.

నీళ్లు తీశాయి. మోకాలి లోతు ఒండ్రు మిగిలింది. గోడలు చూడడానికి వచ్చిన మేస్త్రీ ఒక పిల్లర్ దగ్గర చాలాసేపు కూర్చుని లేచాడు.

“కింద మట్టి కోసుకపోయింది. మనుషులుంటె నడుస్తది గని గింత బరువుంటె నేను జిమ్మా తీసుకోను. బర్రెలను దించుండ్రి. ఎంత జల్ది అయితె గంత మంచిది.”

మనుషులు ఆ గంటలోనే దిగారు. బర్రెలు దిగలేదు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

బర్రె బరువంతా ముందు కాళ్ల మీద ఉంటుంది. ఎక్కేటప్పుడు మెట్టు కళ్ల ముందుంటుంది. దిగేటప్పుడు కాలు ఎక్కడ పడుతుందో దానికి కనబడదు. కనబడని చోట అడుగు వేయకపోవడం తెలివి తక్కువ పనేమీ కాదు, నేనూ అదే చేస్తాను. బేగం మొదటి మెట్టు దాకా వచ్చి, కిందికి చూసి, అక్కడే కూర్చుంది. ముందు నుంచి లాగారు, వెనక నుంచి నెట్టారు. అది కళ్లు మూసుకుని నెమరు వేసింది.

కళ్లకు గంతలు కడితే భయం పోతుందని ఒకాయన చెప్పాడు. తలకు గోనెసంచి చుట్టాం. బేగం గిర్రున వెనక్కి తిరిగి, ఎవరికీ అందకుండా హాలు దాటి, వేదిక ఎక్కి, శేటు తల్లి ఖాళీ చేసిన సోఫా పక్కన నిలబడింది. ఫొటో దిగడానికి వచ్చిన బంధువులా ఉంది.

నా పై అధికారికి ఫోన్ చేశాను. మంచివాడు. క్రేన్ పెట్టించమన్నాడు. గల్లీ మొదట్లో కొట్టుకొచ్చిన కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, పైన తెగిన కరెంటు తీగలు, సైకిల్ రావడమే గగనమని చెప్పాను. అయితే మత్తు ఇవ్వమన్నాడు. మత్తులో ఉన్న బర్రె మెట్ల మీద కూలిపోతే దాని కాళ్లతోపాటు కింద ఉన్నవాళ్ల నడుములు కూడా విరుగుతాయని చెప్పాను. దాంతో ఆయన, “మీరు సీనియర్లు, మీకు నేను చెప్పేదేముంది” అన్నాడు. పిల్లలూ, మీ సర్వీసులో ఈ మాట ఎప్పుడు వినబడినా, ఇక ఎవరూ రారని అర్థం చేసుకోండి.

రాణి ఆ రోజంతా లేచి తిరుగుతూనే ఉంది. ఈనే ముందు ఉండే అస్థిమితం అది. పాల భాయ్ పిల్లర్ వైపు ఒకసారి, రాణి వైపు ఒకసారి చూస్తూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “కొట్టం పోయింది, గడ్డివాము పోయింది. గీ బర్రెలే మిగిలినయ్ మేడమ్” అన్నాడు. నేను ధైర్యం చెప్పాలి, కానీ చెప్పడానికి నా దగ్గర ఉపాయం ఏదీ లేదు. ఏదో ఒకటి అవుతుందిలే అని కిందికి దిగాను.

నా ముందు దిగుతున్న అటెండర్ బురద మెట్టు మీద జారాడు. జారినవాడు జారినట్టే వెళ్లి, గేటు పక్కన కుప్పపోసిన పరుపుల మీద పడ్డాడు. అప్పుడు గల్లీలో ప్రతి ఇంటి ముందూ అదే దృశ్యం. తడిసి పాడైన పరుపులు, బొంతలు, దిండ్లు, చెత్త లారీ కోసం ఎదురు చూస్తూ గుట్టలుగా పడి ఉన్నాయి. నేను కంగారుగా దగ్గరికి పరిగెత్తాను. ఆయన లేవకుండా ఆకాశం చూస్తూ, “ఏం గాలే మేడమ్. మెట్లన్నీ గిట్లనే మెత్తగుంటె రోజు గిట్లనే దిగుత” అన్నాడు.

నేను ఆయన వైపు చూశాను, మెట్ల వైపు చూశాను. మెట్లు కనబడకుండా పోతే సరి. మెట్ల మూలలన్నీ పూడ్చేసి, పైన పరుపులు పరిస్తే, బర్రెకు అది చెరువు గట్టులా వాలుగా ఉంటుంది. గట్టు దిగడం ఏ బర్రెకూ ఎవరూ నేర్పక్కర్లేదు.

గల్లీలో ఈ మాట పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. నీళ్లు పీల్చిన దూది పరుపు నలుగురు మోస్తే గానీ కదలదు. అయినా ఈడ్చుకుంటూ తెచ్చారు. ఒక ఆవిడ తన పెళ్లినాటి రజాయి తెచ్చి, కాసేపు దాని అంచు జరీ తడిమి చూసి, పైన వేయమని ఇచ్చింది. తన రజాయి కింద పెడితే ఊరుకోనని, బేగం కాలు దాని మీదే పడాలని షరతు పెట్టింది. అయితే ముందు మూలలు పూడ్చాలి, గట్టిగా ఉండాలి. ఒండ్రు సంచుల్లోకి ఎత్తుతుంటే అది జావలా కారిపోతోంది. అప్పుడు, అందరూ దిగినా పైనే ఉండిపోయిన శేటు కిటికీ దగ్గరి నుంచి కదిలి కిందికి వచ్చాడు. గోదాం షట్టర్ పైకి లేపాడు. లోపల గోధుమపిండి బస్తాలు నీళ్లు తాగి, బిగుసుకుపోయి బండరాళ్లలా ఉన్నాయి.

“ఇవి పెట్టుండ్రి” అన్నాడు.

ఎవరూ చెయ్యి వేయలేదు. మునిగినా అది ఆయన సొమ్ము. పాల భాయ్ వద్దన్నాడు. శేటు మొదటి బస్తా తనే దొర్లించాడు. “ఇన్నేండ్లు గీ పిండితోని మనుషులను సాదిన. ఇయ్యాల నీ బర్రెలు దిగుతయ్. కానియ్ భాయ్, పట్టు” అన్నాడు. భాయ్ రెండో కొన పట్టుకున్నాడు. గల్లీలో పేడ గురించి అన్నేళ్లు అరుచుకున్న ఇద్దరూ ఒకే బస్తా మోసుకుంటూ మెట్లెక్కుతుంటే, శేటు తల్లి నా చెవిలో, “వరద ఇంకింత ముందు రావల్సింది” అంది.

మధ్యాహ్నం దాటేసరికి మెట్లు మాయమయ్యాయి. కింద పిండి బస్తాలు, వాటి మీద పరుపులు, పరుపుల మీద గోనెలు, అన్నిటికంటే పైన జరీ రజాయి. నా భయం ఇంకొకటి. పైకి పిండి వాసన వస్తే బేగం దిగడం మాని తినడం మొదలుపెడుతుంది. మళ్లీ గొట్టం, మళ్లీ సోడా. కన్నం కనబడిన ప్రతిచోటా బొంత కుక్కించాను.

బేగం గట్టు అంచు దాకా వచ్చి ఆగింది. కింద గల్లీ గల్లీ అంతా నోరు తెరుచుకుని చూస్తోంది. మేడల మీద ఫోన్లు పట్టుకుని కుర్రాళ్లు. శేటు తల్లికి కోపం వచ్చింది. “గింతమంది గుడ్లప్పగిచ్చి చూస్తుంటె పెండ్లిపిల్ల గూడ దిగది. అందరు లోపటికి పోండ్రి” అంది. జనం తలుపుల వెనక్కి, కిటికీల వెనక్కి తప్పుకున్నారు. పితికే వేళ అయింది, పొదుగులు నిండి ఉన్నాయి. భాయ్‌ని రోజూ ఎట్లా కూర్చుంటాడో అట్లాగే కింద కూర్చోమన్నాను. ఆయన గల్లీలో బురద మీద పీట వేసుకుని, మోకాళ్ల మధ్య బకెట్ పెట్టుకుని, దాని అంచు మీద రెండుసార్లు తట్టాడు.

బేగం చెవులు కదిలాయి. ఒక కాలు రజాయి మీద పెట్టింది. కింద గట్టు కదలలేదు. రెండో కాలు పెట్టింది. తర్వాత ఇక ఆలోచించలేదు. పెద్ద ముత్తైదువలా ఊగుతూ, హడావిడి లేకుండా కిందికి వచ్చేసింది. నాయకురాలు దిగాక మిగతావి ఒకదాని తోక వెనక ఒకటి దిగాయి. సితార దిగేటప్పుడు కిటికీల వెనక పిల్లలు దాని పేరు పెట్టి మెల్లగా పిలిచారు.

చివర రాణి. నిండు కడుపుతో సగం దాకా బాగానే వచ్చింది. అప్పటికే అన్ని కాళ్లు తొక్కిన గట్టు అక్కడ కుంగి ఉంది. దాని వెనక కాలు రెండు పరుపుల సందులో దిగబడింది. ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగింది. అటు పక్క గోడ లేదు, గల్లీ దాకా ఖాళీ. నేను పై మెట్టున ఉన్నాను, భాయ్ కింద బకెట్ వదిలేసి లేచాడు. ఇద్దరం అందుకునే లోపల, పది అడుగుల దూరంలో ఉండాల్సిన మా అటెండర్ దాని పొట్ట పక్కకు దూరి, గోడ లేని వైపు నిలబడి, భుజం ఆనించాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏదో దువా చదువుతున్నట్టు పెదాలు కదులుతున్నాయి. ఆ ఆసరాతో రాణి ఒక్క ఊపు ఊపి కాలు పీక్కుంది. మిగతా గట్టు పరుగులాంటి నడకతో దిగిపోయింది. ఆయన మాత్రం అక్కడే భుజం ఆనించినట్టే నిలబడి ఉన్నాడు. అయిపోయింది, కళ్లు తెరవమన్నాను. “అది పోయిందా మేడమ్?” అని అడిగి, పోయిందని చెప్పాక తెరిచాడు. మర్నాడే రాణి ఆడదూడను ఈనింది. దానికి పేరు పెట్టే గౌరవం ఆయనకే ఇచ్చారు. పావురం అని పెట్టాడు.

ఆ సాయంత్రానికి వస్తాను. తలుపులన్నీ తెరుచుకున్నాయి. గల్లీ జనమంతా బయటికి వచ్చి, ఏం చేయాలో తెలియనట్టు ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. చప్పట్లు కొడితే బర్రెలు బెదురుతాయని నేను ముందే చెప్పాను. భాయ్ మళ్లీ పీట సర్దుకుని, బకెట్ పెట్టుకుని, బేగంను రమ్మని పిలిచాడు. బేగం ఆయన పక్క నుంచే నడిచింది. బకెట్ వైపు చూడనైనా చూడలేదు. గల్లీ చివర వరద నీళ్లు ఇంకా పోకుండా నిలిచిన పెద్ద గుంట ఉంది. నేరుగా అందులోకి దిగి, ముందు మోకాళ్లు వంచి, మెడ దాకా మునిగేలా పడుకుని, కళ్లు మూసుకుంది. మిగతా బర్రెలు కూడా వెళ్లి దాని పక్కన వరసగా పడుకున్నాయి.

పరుపులు పోయాయి, పిండి పోయింది, అందరి నడుములూ పోయాయి. నీళ్ల నుంచి కాపాడిన బర్రెలు నీళ్లలో హాయిగా పడుకున్నాయి. భాయ్ ఖాళీ బకెట్‌తో లేచి నిలబడి, శేటు వైపు క్షమాపణగా చూశాడు. శేటు ఆ గుంటను, తన గోదామును, గుంటలో బేగం మొహాన్ని చూశాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని అనుకున్నాను. ఆయన నవ్వుతున్నాడు. కడుపు పట్టుకుని, పక్కనున్న భాయ్ భుజం మీద చెయ్యి వేసి, నిలబడలేక బురదలోనే కూర్చుండిపోయి మరీ నవ్వాడు. తర్వాత గల్లీ అంతా నవ్వింది.